సాయంత్రాల్లో కట్టిన విమానం: ఫ్లైట్‌గేర్ ఇన్నేళ్లు ఎలా నిలబడింది

2008 డిసెంబర్‌లో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత విమాన సిమ్యులేటర్ 1.9 వెర్షన్ బయటికి వచ్చింది. నెల తిరిగేసరికి, 2009 జనవరిలో, మైక్రోసాఫ్ట్ తన ఫ్లైట్ సిమ్యులేటర్‌ను తయారుచేసే ఏసెస్ స్టూడియోను మూసేసింది. 1982 నుంచి వస్తున్న సిరీస్ అది. దాని మీద ఆధారపడి సొంతంగా విమానాలు, విమానాశ్రయాలు తయారుచేసుకున్న వేలమంది అభిమానులకు ఆ తర్వాత చేతిలో మిగిలింది చివరి వెర్షన్ డిస్క్ మాత్రమే. లోపలి కోడ్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఫ్లైట్‌గేర్‌లో పనిచేసేవాళ్లకు అప్పటికీ జీతాల్లేవు, ఆఫీసు లేదు. కాబట్టి మూసేయడానికి అక్కడ ఏమీ లేదు.

దీన్ని గెలుపోటముల కథగా చెబితే తప్పవుతుంది. మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టులో తిరిగి వచ్చింది. ఉపగ్రహ చిత్రాల నుంచి నగరాలను నగరాలుగా లేపి చూపించింది. కంటికి కనిపించే అందంలో ఫ్లైట్‌గేర్ దాని దరిదాపుల్లో కూడా లేదు. అయినా 1997లో మొదలైన ఒక వాలంటీర్ ప్రాజెక్టు, మొదటి తరం రచయితల్లో ఎక్కువమంది తప్పుకున్నాక కూడా నడుస్తోందంటే కారణం ఉండాలి. ఉత్సాహం, అంకితభావం అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఉత్సాహంతో మొదలై ఏడాదికే ఆగిపోయిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచేవి, కోకొల్లలు. అసలు కారణం పనిని ముక్కలు చేసిన తీరులో ఉంది. ఒక మనిషి ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం దొరికే రెండు గంటల్లో, ఎవరినీ అడగకుండా చేయగలిగిన ముక్కలుగా పని విడిపోయిన చోటల్లా ఫ్లైట్‌గేర్ బాగా పెరిగింది. అలా విడగొట్టడానికి వీల్లేని పనులు మాత్రం ఏళ్లకేళ్లు నానాయి.

మొదటి ప్రయత్నమే దీనికి సాక్ష్యం. 1996 ఏప్రిల్‌లో డేవిడ్ మర్ అనే ఆయన ఒక ప్రతిపాదన రాశారు. మార్కెట్లో దొరికే సిమ్యులేటర్లను వాడేవాళ్లు మార్చుకోలేరు, తమకు కావలసింది చేర్చుకోలేరు. అందుకని అందరూ కలిసి ఒకటి రాసుకుందాం అన్నది దాని సారాంశం. చాలామంది సై అన్నారు. త్రీడీ కోడ్‌ను మొదటినుంచీ సొంతంగా రాయడం మొదలైంది. ఆ కోడ్ భారమంతా మోస్తున్న వ్యక్తికి థీసిస్ పూర్తిచేయాల్సిన సమయం వచ్చింది. పని అక్కడే ఆగింది, చర్చలు కూడా చల్లబడ్డాయి. సిమ్యులేటర్ మొత్తం ఒక్క మనిషి తీరిక మీద వేలాడితే జరిగేది అదే.

1997 మధ్యలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న కర్టిస్ ఓల్సన్ దీన్ని మళ్లీ ఎత్తుకున్నారు. ఆయన చేసిన తెలివైన పని, కొత్తగా రాయాల్సిన భాగాన్ని వీలైనంత తగ్గించడం. నాసా లాంగ్లీ కేంద్రంలో రాసిన లార్క్‌సిమ్ అనే ప్రోగ్రామ్ అప్పటికే అందరికీ అందుబాటులో ఉంది. విమానం మీద పనిచేసే బలాలను లెక్కగట్టడం దాని పని. దాన్ని తెచ్చి, తెరమీద బొమ్మ గీయడానికి ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతిని జతచేశారు. వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడిచే మొదటి ఫ్లైట్‌గేర్ 1997 జులైలో వచ్చింది. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. కానీ అది ఎగిరింది. ఎగిరే వస్తువు ఒకటి ముందుంటే, దానికి ఇంకోటి తగిలించడానికి మనుషులు వస్తారు. ఎగరబోయే వస్తువు గురించిన ప్రతిపాదనకు అలా రారు.

ఆ తగిలించడం ఎలా సాగిందో తెలియాలంటే సిమ్యులేటర్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. ఫ్లైట్‌గేర్ మామూలుగా సెకనుకు 120 సార్లు ఒకే పని చేస్తుంది. ఈ క్షణాన వేగం ఎంత, గాలికి రెక్క ఏ కోణంలో ఉంది, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు ఎంత దిగాయి, ఇంజిన్ ఎంత లాగుతోంది, బరువు ఎక్కడ కేంద్రీకృతమైంది అని చూస్తుంది. వాటినుంచి విమానాన్ని పైకి లేపే బలం (లిఫ్ట్), వెనక్కి లాగే బలం (డ్రాగ్), మూడు అక్షాల చుట్టూ తిప్పే బలాలు లెక్కగడుతుంది. న్యూటన్ సూత్రాల ప్రకారం విమానాన్ని పిసరంత ముందుకు జరుపుతుంది. మళ్లీ మొదటికి వస్తుంది. చుట్టూ కనిపించే మేఘాలు, రన్‌వే దీపాలు, కాక్‌పిట్ గడియారాలు (వేగం, ఎత్తు లాంటివి చూపించే ముళ్ల మీటర్లు) అన్నీ ఈ లెక్క చెప్పిన స్థానాన్ని చూపించేవే. ఈ లెక్క చేసే భాగాన్ని ఫ్లైట్ డైనమిక్స్ మోడల్ అంటారు.

ఫ్లైట్‌గేర్‌లో ఇలాంటి మోడల్ ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. లార్క్‌సిమ్ తర్వాత ఎక్కువ వాడుకలోకి వచ్చినవి జేఎస్‌బీసిమ్, యాసిమ్. జాన్ బెర్న్ట్ మొదలుపెట్టిన జేఎస్‌బీసిమ్‌కు విమానం గురించిన ఏరోడైనమిక్ గుణకాలు కావాలి. ఫలానా కోణంలో ఫలానా వేగంలో ఎంత లిఫ్ట్ వస్తుందో చెప్పే పట్టికలు అవి. విండ్ టన్నెల్‌లో, అంటే గాలి వీచే సొరంగంలో నమూనాను పరీక్షించిన ఫలితాలు, బయటపెట్టిన పరిశోధన నివేదికలు ఉంటే వాటిని నేరుగా ఎక్కించవచ్చు. ఆండీ రాస్ రాసిన యాసిమ్ దారి వేరు. రెక్క ఎంత పొడవు, ఎక్కడ అతికింది, ఖాళీ బరువెంత, పైన నిలకడగా ఎగిరేటప్పటి (క్రూజ్) వేగం ఎంత, దిగేటప్పుడు వేగం ఎంత అని చెబితే చాలు. ఆ రెండు వేగాలూ కుదిరేలా లిఫ్ట్, డ్రాగ్ ఎంతుండాలో అదే మళ్లీమళ్లీ ప్రయత్నించి తేల్చుకుంటుంది. ఇచ్చిన అంకెలు ఒకదానికొకటి పొసగకపోతే సమాధానం కుదరలేదని చెప్పి ఆగిపోతుంది. రెండు పద్ధతులు ఎందుకు, ఒకటి చాలదా అని బయటినుంచి చూసేవాళ్లకు అనిపిస్తుంది. కానీ వాలంటీర్ల లోకంలో ఇది అదృష్టం. అరుదైన పాత విమానం మీద ప్రేమ ఉండి, దాని మాన్యువల్‌లో నాలుగు అంకెలు తప్ప మరేమీ దొరకని మనిషికి యాసిమ్ తలుపు తెరిచింది. సమీకరణాలు చదవగలిగిన ఇంజినీరుకు జేఎస్‌బీసిమ్ తెరిచింది.

ఈ తలుపుల వెనక అసలు కీలు ఇంకొకటి ఉంది. ఫ్లైట్‌గేర్ వాడేవాళ్లలో చాలామంది దాన్ని అంతగా పట్టించుకోరు. 2000 ప్రాంతంలో డేవిడ్ మెగిన్సన్ ప్రాపర్టీ ట్రీ అనే ఏర్పాటు తెచ్చారు. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను (పేర్లు తగిలించి సమాచారం రాసే మామూలు టెక్స్ట్ ఫైళ్లు) చదివే శాక్స్ పద్ధతి వెనకున్న మనిషి ఆయనే. సిమ్యులేటర్‌లో నడిచే ప్రతి విలువకూ ఈ చెట్టులో ఒక చిరునామా ఉంటుంది. పొజిషన్ అనే కొమ్మ కింద ఎత్తు, కంట్రోల్స్ కొమ్మ కింద ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్, ఇంజిన్ల కొమ్మ కింద ఆయిల్ ఉష్ణోగ్రత. ఇంజిన్ కోడ్ తన విలువను అక్కడ రాసి వదిలేస్తుంది. కాక్‌పిట్‌లోని గడియారం ఆ చిరునామా చూసి ముల్లు తిప్పుకుంటుంది. ఇంజిన్ రాసిన మనిషి, గడియారం గీసిన మనిషి ఒకరికొకరు తెలియనక్కర్లేదు. ఒకరు జర్మనీలో, ఇంకొకరు న్యూజిలాండ్‌లో ఉండి ఒక్క మాట మాట్లాడుకోకుండా ఒకే విమానం మీద పనిచేయగలరు. ఊళ్లో రచ్చబండ దగ్గర గోడమీద రాసి పెట్టిన సమాచారం లాంటిది ఇది. రాసేవాడు రాస్తాడు, కావలసినవాడు వచ్చి చదువుకుంటాడు. ప్రాజెక్టులోని గొప్ప కోడ్ ఏదని అడిగితే చాలామంది కొత్త మేఘాలనో సముద్రపు నీటినో చూపిస్తారు. నిజానికి ఆ గౌరవం ఈ చెట్టుకే దక్కాలి.

దీని ఫలితంగా ఫ్లైట్‌గేర్‌లో విమానం అంటే ఒక ఫోల్డర్. అందులో కొన్ని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, త్రీడీ బొమ్మ, రంగుల చిత్రాలు, శబ్దాలు, అవసరమైతే నేసల్ అనే చిన్న భాషలో రాసిన స్క్రిప్టులు ఉంటాయి. నేసల్ కూడా ఆండీ రాస్ రాసినదే. కొత్త విమానం చేర్చడానికి సిమ్యులేటర్ రాసిన సీ ప్లస్ ప్లస్ భాష రానక్కర్లేదు, ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఒక అంకె మార్చి, ఎగరేసి చూసి, మళ్లీ మార్చొచ్చు. అందుకే రైట్ సోదరుల 1903 ఫ్లయర్ నుంచి స్పేస్ షటిల్ దాకా వందలాది విమానాలు పోగుపడ్డాయి.

పోగుపడిన వాటిలో చాలావరకు సగం సగం ఉన్నవే, ఇది దాచాల్సిన విషయం కాదు. బయటి ఆకారం ముచ్చటగా ఉంటుంది, లోపలికి వెళితే కాక్‌పిట్‌లో సగం మీటలు కదలవు. తయారుచేసిన మనిషికి ఆసక్తి అక్కడిదాకే ఉంది మరి. జీతం ఇస్తే మిగతా మీటలు కూడా కదిలించమని చెప్పవచ్చు. ఇక్కడ చెప్పే హక్కు ఎవరికీ లేదు. దీనికి ప్రాజెక్టు ఒక మంచి మందు కనిపెట్టింది. ప్రతి విమానానికీ నాలుగు విషయాల్లో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేస్తారు: ఎగిరే తీరు, లోపలి వ్యవస్థలు, కాక్‌పిట్, బయటి ఆకారం. ఎక్కువసార్లు మార్కులు వేసేది తయారుచేసినవాళ్లే. ఏ మార్కుకు ఏం ఉండాలో స్పష్టంగా రాసిపెట్టారు కాబట్టి గొప్పలకు పోవడం కష్టం. నాసిరకాన్ని తీసిపారేయకుండా, అది ఎంతదాకా వచ్చిందో నిజాయితీగా చెప్పడం వాలంటీర్ల పనికి తగిన పద్ధతి. తీసేస్తే, రేపు దాన్ని పూర్తిచేయగల మనిషికి మొదలుపెట్టడానికి ఏమీ మిగలదు.

ఇక విడగొట్టడానికి వీల్లేని పనుల సంగతి. అన్నింటికన్నా పెద్దది బొమ్మ గీసే ఇంజిన్. మొదటి పదేళ్లు ఫ్లైట్‌గేర్ పీలిబ్ అనే చిన్న లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట) మీద నడిచింది. 2007 డిసెంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్ దాకా అదే. ఆధునిక గ్రాఫిక్స్ కార్డులకు అది చాలదని అందరికీ తెలుసు. ఓపెన్‌సీన్‌గ్రాఫ్ అనే ఇంకో లైబ్రరీకి మారాలి. కానీ ఇల్లు ఖాళీ చేయకుండా పునాది మార్చడం లాంటి పని ఇది. సగం మారితే ఏదీ పనిచేయదు, పూర్తిగా మారేదాకా కొత్త ఫీచర్లు ఆగాలి. దీనికి రెండు గంటల సాయంత్రాలు సరిపోవు. నెలల తరబడి మొత్తం కోడ్‌ను తలలో పెట్టుకోగలిగినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటారు. మార్పు 2008 డిసెంబర్ నాటి 1.9తో బయటపడింది. అప్పటిదాకా ఉన్న విమానపు నీడలు అందులో పోయాయి. వాడేవాళ్లు ముందు చూసింది పోయిన నీడనే, కొత్త పునాదిని కాదు.

తర్వాతి దశ ఇంకా చిక్కుగా మారింది. 2012 నాటికి వెలుతురును చూపించే పద్ధతులు మూడయ్యాయి. పాత మామూలు పద్ధతి ఒకటి. నీడలు, రాత్రి దీపాల కాంతి కోసం వచ్చిన రెంబ్రాంట్ ఒకటి. వాతావరణంలో కాంతి చెదరడాన్ని, పొగమంచును, సూర్యాస్తమయాన్ని భౌతికశాస్త్రం ప్రకారం చూపించే ఏఎల్ఎస్ ఇంకొకటి. ఏదీ పనికిమాలినది కాదు. ప్రతిదాని వెనకా దాన్ని నమ్మి, ఏళ్లు వెచ్చించిన మనిషి ఉన్నాడు. కంపెనీలో అయితే ఒక మేనేజర్ కూర్చుని ఒకటి ఉంచి రెండు ఆపేవాడు. ఇక్కడ ఆపే అధికారం ఎవరికీ లేదు, ఆపమని అడిగే మనసూ ఎవరికీ రాదు. దాంతో మెరిసే ఫ్యూసిలేజ్ (విమానపు ఒళ్లు) కావాలన్న విమాన రచయితకు ఒకే పని రెండు మూడు పద్ధతుల్లో చేయాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎక్కడా లెక్కల్లో కనిపించదు. ఎందరో రచయితల సాయంత్రాలు అందులో కరిగిపోయాయి. చివరికి కంపోజిటర్ అనే కొత్త చట్రం 2020 విడుదలలతో వచ్చి ఈ మూడు దారులను ఒకటి చేయడం మొదలుపెట్టింది, రెంబ్రాంట్ తప్పుకుంది.  సొంత ఇష్టమే కూలీ అయిన చోట ఎవరి ఇష్టాన్నీ కాదనలేకపోవడం అతి పెద్ద బలహీనత. దానికి సులువైన మందు కూడా లేదు.

నేల సంగతికొస్తే ఒకే పనిలో రెండు రకాలూ కనిపిస్తాయి. ఫ్లైట్‌గేర్‌లో భూగోళమంతా ఉంది. కొండల ఎత్తులు ఎక్కువగా 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ పదకొండు రోజుల పాటు రాడార్‌తో కొలిచిన లెక్కల నుంచి వచ్చాయి. దాదాపు 90 మీటర్లకొక కొలత. నదులు, తీరరేఖలు, ఊళ్ల హద్దులు చాలాకాలం పది లక్షలకు ఒకటి స్కేలు ఉన్న అమెరికా ప్రభుత్వ పటం నుంచి తీసుకున్నారు. అంత చిన్న స్కేలులో ఏరు అసలు చోటు నుంచి వందల మీటర్లు పక్కకు జరగడం మామూలే. ఈ రెండింటినీ, విమానాశ్రయాల కొలతలనూ కలిపి టెర్రాగేర్ అనే పనిముట్లతో నేలను ముక్కలుగా కుడతారు. మన అక్షాంశాల్లో ఒక్కో ముక్క డిగ్రీలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 13, 14 కిలోమీటర్ల చదరం. అలా ఒక డిగ్రీ చదరంలో 64 ముక్కలు. హైదరాబాద్ ఉండే ఫోల్డర్ పేరులో తూర్పు 78, ఉత్తరం 17 అనే అంకెలుంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. రన్‌వేను నేలమీద పరచినట్టు కాకుండా, నేలను కుట్టేటప్పుడే అందులో కోసి అతికిస్తారు. రన్‌వే మారితే ఆ ముక్క నేల మొత్తం మళ్లీ కుట్టాలి. హైదరాబాద్‌లో 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు మారాయి. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇలాంటి మార్పు జరుగుతూనే ఉంటుంది. భోగాపురం లాంటి కొత్త విమానాశ్రయానికీ ఇదే సమస్య. రన్‌వే కొలతలు నమోదు చేయడం ఒక పూట పని, ఆ ఊరి కుర్రాడెవరైనా చేయగలడు. దాన్ని నేలలో కుట్టి లోకానికి అందించడం మాత్రం పెద్ద కంప్యూటర్లు, టెర్రాగేర్ గుట్టుమట్లు తెలిసిన కొద్దిమంది పని. ప్రపంచ దృశ్యం మొత్తంగా 2008లో ఒకసారి, 2013లో ఇంకోసారి కుట్టారు. మధ్యలో, ఆ తర్వాత చాలాచోట్ల నేల పాతదిగానే ఉండిపోయింది.

కట్టడాల విషయంలో ఇలా జరగలేదు. భవనాన్ని నేలతో కుట్టరు. ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఏ దిక్కుకు తిరిగి ఉంది అని ఒక వరుస రాస్తే చాలు, అక్కడ నిలబడుతుంది. ఒక మనిషి చార్మినార్ త్రీడీ బొమ్మ ఓపిగ్గా గీసి పంపితే ఇంకెవరి పనీ ఆగదు, ఇంకెవరి కోసమూ అది ఆగదు. ఇప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా గీయగల ఆన్‌లైన్ పటం నుంచి వేలాది ఇళ్లను ప్రోగ్రామే లేపుతోంది. అంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తన వీధి గీసిన ఒక గృహిణో విద్యార్థో, ఫ్లైట్‌గేర్ పేరు కూడా వినకుండానే ఇందులో భాగమయ్యారు.

లైసెన్స్ విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఫ్లైట్‌గేర్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉంది కాబట్టి ఉచితం, అంతే అనుకుంటారు. ధర అందులో చిన్న విషయం. జీపీఎల్ ప్రకారం దీన్ని అమ్ముకోవచ్చు కూడా. నిజంగానే కొందరు వ్యాపారులు పేరు మార్చి, కొత్త ప్రకటనలతో, ఇదే ప్రోగ్రామ్‌ను డబ్బుకు అమ్మారు. రాసినవాళ్లకు కడుపుమండింది. అయినా కోడ్ ఇచ్చినంతవరకు చట్టప్రకారం అడ్డుకోలేరు. ప్రజలకు నిజం తెలియజేయడం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న పని, అదే చేశారు. ఇంకో వైపు, ఈ లైసెన్స్ వాలంటీర్ల చేతులు కూడా కడుతుంది. ఆన్‌లైన్ మ్యాప్ కంపెనీల ఉపగ్రహ చిత్రాలు కళ్లెదుట ఉన్నా వాడటానికి లేదు. వ్యాపారానికి వాడకూడదనే షరతు ఉన్న బొమ్మ ఎంత బాగున్నా అధికారిక సేకరణలోకి రాదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోను విమానం తోకమీద అతికిస్తే, అది ఎవరిదని అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. కానీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియని ఒక్క ఫైల్ చాలు, పాతికేళ్ల పనిని వివాదంలోకి లాగడానికి. ఈ విషయంలో మొండిగా ఉండటమే సరైనది.

ఆ శుభ్రత వల్ల దక్కిన ఫలం ఒకటి చెప్పుకోవాలి. జేఎస్‌బీసిమ్ ఫ్లైట్‌గేర్‌తో కలిసి పెరిగినా, తనకంటూ వేరుగా, మరింత సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ లైసెన్స్‌తో నిలబడింది. డ్రోన్లను నడిపే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌ను ఎగరేయకముందే పరీక్షించడానికి దాన్ని వాడతారు. నాసా వేర్వేరు సిమ్యులేటర్ల లెక్కలను పోల్చి చూసిన కసరత్తులో అది కూడా ఉంది. 2020 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ తిరిగి వచ్చిన నెలలోనే, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నడిపిన పోటీలో ఒక కృత్రిమ మేధ ప్రోగ్రామ్ అనుభవమున్న ఎఫ్-16 యుద్ధవిమాన పైలట్‌ను 5-0తో ఓడించింది. ఆ పోరు జరిగిన ఆకాశం జేఎస్‌బీసిమ్ లెక్కగట్టినదే. ఇంజినీర్లు లెక్కలకు వాడే మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోని ఏరోస్పేస్ బ్లాక్‌సెట్‌లో ఫ్లైట్‌గేర్‌కు కలిపే బ్లాక్ సిద్ధంగా ఉంటుంది. ఆటోపైలట్ ప్రాజెక్టు చేస్తున్న ఏరోనాటికల్ విద్యార్థి తన సమీకరణం తప్పయితే విమానం ముక్కు ఎలా ఊగుతుందో గ్రాఫులో కాకుండా కళ్లారా చూడొచ్చు. ఆయుధాల పరిశోధనకు తమ పని ఉపయోగపడటం అందులో పాలుపంచుకున్న అందరికీ నచ్చి ఉండకపోవచ్చు. ఎవరు దేనికి వాడాలో నిర్ణయించే హక్కును స్వేచ్ఛా లైసెన్స్ రచయిత దగ్గర ఉంచదు, అది మంచికైనా చెడుకైనా.

ఇదంతా ఒకే విమానంలో చూడాలంటే సెస్నా 172 అనే చిన్న విమానాన్ని చూడాలి. మొదట్లో ఫ్లైట్‌గేర్‌లో ఎగిరింది లార్క్‌సిమ్‌తో వచ్చిన నావియన్ అనే విమానపు లెక్క. టోనీ పెడెన్ ఆ అంకెలను మార్చి సెస్నా 172గా చేశారు. తర్వాత ఆ లెక్క జేఎస్‌బీసిమ్‌లోకి మారింది. ఇంకెవరో త్రీడీ కాక్‌పిట్ గీశారు, మరొకరు గడియారాలు కదిలించారు. కొన్నేళ్లు అది అలాగే ఉండిపోయింది, అందరూ వాడే విమానమే అయినా ఎవరూ పట్టించుకోలేదు. 2015 ప్రాంతంలో కొత్తవాళ్లు కొందరు కలిసి అదే ఫోల్డర్‌ను తెరిచారు. అనుమతి కోసం పాతవాళ్లను వెతకాల్సిన పని లేకపోయింది, లైసెన్స్ ఎప్పుడో ఇచ్చేసింది. నీటిమీద దిగే ఫ్లోట్లు, మంచుమీద జారే స్కీలు పెట్టారు. కార్బ్యురేటర్‌లో మంచు పేరుకోవడం, ఆయిల్ తగ్గడం, గట్టిగా దించితే చక్రాలు విరగడం చేర్చారు. ఎగరబోయే ముందు ఇప్పుడు పైలట్ కిందికి దిగి విమానం చుట్టూ తిరగాలి. రెక్కలకు కట్టిన తాళ్లు విప్పాలి, చక్రాల కింద చెక్కలు తీయాలి, గాలి ఒత్తిడితో వేగం కొలిచే పిటో గొట్టం మీది తొడుగు లాగాలి. ఆ తొడుగు మరిచిపోతే రన్‌వే మీద ఎంత పరుగెత్తినా వేగం చూపించే ముల్లు సరిగా లేవదు.